పద్యనాటక గాయకుడు ఏ పద్దు కింద?

పద్యనాటకం కాలం చెల్లిన ప్రక్రియ అనీ, ప్రేక్షకులే దానిని విడిచిపెట్టారనీ, మిగిలిన కొద్దిమంది నటులను పింఛనుతో ఆదుకోవడం తప్ప ప్రభుత్వం చేయగలిగినది లేదనీ ఒక వాదం సాంస్కృతిక శాఖల దస్త్రాలలో చాలాకాలంగా తిరుగుతున్నది. దస్త్రంలో ఒకసారి చేరిన వాక్యం వేదవాక్యంతో సమానం. తరువాత వచ్చిన అధికారి దానిని ప్రశ్నించడు. దాని కింద సంతకం చేస్తాడు. అటువంటి దస్త్రాల మధ్యనే ఉద్యోగజీవితం గడుపుతున్నవాడిగా ఈ వాదం సత్యం కాదని మనవి చేయదలచాను. నశించినది పద్యనాటకం కాదు. పద్యం పాడి బతికే వృత్తి నశించింది. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్లనే మన విధానాలన్నీ గురి తప్పుతున్నాయి.

ఇందుకు సాక్ష్యం కోసం తెనాలికో విజయనగరానికో పోనక్కరలేదు. హౌరా స్టేషనులో దక్షిణాదికి పోయే బండి ఎక్కితే మొట్టమొదట తగిలే స్టేషను టికియాపారా. హుగ్లీకి ఆవలి ఒడ్డున, పట్టాలకూ కార్‌షెడ్డుకూ నడుమ ఇరుక్కున్న ఈ పేట పేరు తెలుగు సాహిత్య చరిత్రలో ఎక్కడా కనిపించదు. కాని ఖరగ్‌పూర్ మొదలుకొని హౌరా వరకు ఈ రైలుమార్గం పొడుగునా తెలుగు కుటుంబాలు స్థిరపడడానికి స్పష్టమైన చారిత్రక కారణం ఉన్నది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, 1955 నుంచి ఆగ్నేయ రైల్వే, తమ ప్రధాన కార్యాలయాన్ని కలకత్తా గార్డెన్‌రీచ్‌లో ఉంచుకొని వాల్తేరును పాలించాయి. 2003లో తూర్పు కోస్తా రైల్వే ఏర్పడే వరకు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల యువకునికి రైల్వే కొలువంటే గార్డెన్‌రీచ్ నుంచి వచ్చే ఉత్తర్వే. అతడు వంగదేశానికి వస్తూ పెట్టెలో బట్టలతోపాటు తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలను, బలిజేపల్లి లక్ష్మీకాంతకవి సత్యహరిశ్చంద్రీయాన్ని కూడా తెచ్చుకున్నాడు. పుస్తకరూపంలో కాదు, కంఠంలో. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించడానికి నిర్ణయించినదంటే ఆ కంఠాల సంఖ్య తక్కువేమీ కాదని ప్రభుత్వమే గుర్తించినట్లు.

పాశ్చాత్యులు ఒపేరా అని పిలిచే ప్రక్రియకు మన దేశంలో దగ్గరగా వచ్చేవాటిలో పద్యనాటకం ఒకటి. దీనిని పొగడ్తగా చెప్పడం లేదు. శ్రమ స్వభావాన్ని నిర్ణయించడానికి చెబుతున్నాను. హార్మోనియం శ్రుతి మీద, వేలమంది నడుమ, అర్ధరాత్రి దాటాక, చంపకమాలలోని యతిస్థానం చెదరకుండా, అర్థం మింగుడుపడకుండా, రాగం చేత రసాన్ని లేపగలిగినవాడు నటుడే కాక శిక్షితుడైన గాయకుడు కూడా. ఆ శిక్షణకు పది పదిహేనేళ్లు పడుతుంది. కంఠం నిలిచే కాలం దానికి రెట్టింపు మాత్రమే. ఇటువంటి శ్రమకు ఐరోపాలో ఏర్పాటు చేసుకున్న పద్ధతులు మన పాలకులకు తెలియవని అనుకోను. జర్మనీలో ఎనభైకి పైగా ఉన్న ఒపేరా శాలలలో చాలావాటికి సొంత గాయక బృందాలున్నాయి. చిన్న పట్టణంలోని శాల కూడా గాయకుని సంవత్సర ఒప్పందం మీద తీసుకుంటుంది. మరుసటి సంవత్సరానికి ఒప్పందం పొడిగించకపోతే, సాధారణంగా అక్టోబరు నెలాఖరులోగా ఆ మాట రాతమూలకంగా చెప్పి తీరాలి. అక్కడి గాయకుడు కళాకారుడు కాకుండా పోలేదు. అతనికి ఇంటి అద్దె ఎక్కడినుంచి వస్తుందో తెలుసు, అంతే భేదం.

మన దగ్గర ఈ మాటే ఎందుకు పుట్టలేదన్న ప్రశ్నకు చరిత్ర ఇచ్చే సమాధానం కొంత చేదుగా ఉంటుంది. ఆధునిక తెలుగు రంగస్థలానికి పునాది వేసినవారు విద్యావంతులైన మధ్యతరగతి వారు. 1880లో రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు తమ విద్యార్థులచేత నాటకం వేయించారు. బళ్ళారిలో సరసవినోదినీ సభ నడిపి, రంగం మీద పద్యాలను పాటలను పాడించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులవారిని ఆంధ్రనాటక పితామహుడన్నారు. మహానటుడు బళ్ళారి రాఘవ న్యాయవాది. వీరి ప్రతిభకు నమస్కరిస్తూనే ఒక సంగతి గమనించాలి. నాటకానికి జీతం పుచ్చుకోకపోవడమే వారి గౌరవానికి గుర్తు అయింది. అదే కాలంలో, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో ప్రారంభించి, ఆలుబిడ్డలతో సహా రంగం మీదే బతికిన వనారస గోవిందరావుగారి కుటుంబాలను ‘నాటకాలవాళ్లు’ అన్నారు. ఒకరు కళాసేవకులు, మరొకరు పొట్టకూటివారు. ఈ విభజనను పెద్దమనుషులు చేశారు. పరిషత్తులు దానిని అలవాటు చేసుకున్నాయి. మన నియమావళులు ‘ఔత్సాహిక’ అనే మాటతో దానికి రాజముద్ర వేశాయి. సురభి వారిలో ఒకరైన రేకందార్ నాగేశ్వరరావుగారికి పద్మశ్రీ వచ్చినది 2013లో. సమాజం పుట్టిన నూట ఇరవై ఎనిమిదేళ్లకు!

అయినా, ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో వృత్తి ఒకటి రూపు దిద్దుకొనే సూచనలు కనిపించాయి. బెజవాడలో మైలవరం జమీందారు పోషించిన నాటక సమాజం నటులకు నెలజీతాలిచ్చింది. ఆ జీతం మీద నిలిచి ఎదిగిన కంఠాలలో యడవల్లి సూర్యనారాయణగారిది ఒకటి, కపిలవాయి రామనాథశాస్త్రిగారిది ఒకటి. ఆ తరువాతి మెట్లు కలకత్తాలో ఉండడం నేటి తరం మరచిన విషయం. గ్రామఫోను కంపెనీ 1908లో సీల్దాలోను, తరువాత డమ్‌డమ్‌లోను నడిపిన కర్మాగారంలోనే దేశభాషల రికార్డులు తయారయ్యేవి. కపిలవాయివారి పద్యం తెనాలి కాఫీ హోటలులో మ్రోగిందంటే, దానికి ముందు ఆ లక్కపలక కలకత్తా యంత్రంలో ఒత్తుడుపడిందన్నమాట. మద్రాసులో టాకీ స్టూడియో లేని రోజులలో, 1933లో సతీ సావిత్రి, 1934లో లవకుశ చిత్రాలను సి. పుల్లయ్యగారు ఈస్టిండియా ఫిలిం కంపెనీ తరఫున తీసినది ఈ నగరంలోనే. యముడుగా వేమూరి గగ్గయ్యగారు, సావిత్రిగా దాసరి రామతిలకంగారు ఇక్కడ కెమెరా ముందు నిలిచి, తమ గొంతులతో తామే పాడారు. రంగస్థలం, రికార్డు, చలనచిత్రం అనే మూడు మెట్ల నిచ్చెన ఒకటి గాయకనటునికి అప్పుడు లభించింది.

ఆ నిచ్చెన పది పదిహేనేళ్లకు మించి నిలవలేదు. సినిమా వచ్చి నాటకాన్ని మింగిందని అందరూ అంటారు. అది సగమే నిజం. తొలి టాకీలు నాటక గాయకులను మింగలేదు, మేపాయి. దెబ్బ తీసినది నేపథ్యగానం. ముఖం ఒకరిది, గొంతు ఒకరిది అయిన రోజున, రెండూ తనలో కలిగినవాని ధర పడిపోయింది. పీటల మీద నుంచి లేపినట్లు గాయకనటులను చిత్రసీమ లేపింది. కొందరు తిరిగి రంగం మీదకు వచ్చారు. వారికి మైలవరం వంటి జీతపు కొలువులు అప్పటికి లేవు. ఉన్నది కాంట్రాక్టు నాటకం.

ఈ పద్ధతి ఎరుగని పాఠకుల కోసం రెండు మాటలు. కాంట్రాక్టరు ఒక రాత్రికి ఒక నాటకం కుదుర్చుకొని, పేరున్న నటులను వేర్వేరు ఊళ్లనుంచి విడివిడిగా పిలిపిస్తాడు. వారు కలిసి అభ్యాసం చేసేది లేదు. రంగం మీదే పరిచయం. పాత్ర ఒకటే అయినా పాడేవారు ముగ్గురు. పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి మరొక కృష్ణుడు. వారణాసిలో ఆలినమ్మిన హరిశ్చంద్రుడు కాటి సీనుకు వచ్చేసరికి వేరే శరీరంతో వస్తాడు. ప్రేక్షకులు పోటీని ఆనందిస్తారు, వన్స్‌మోర్‌లు పడతాయి, ఒకే పద్యం మూడుసార్లు మ్రోగుతుంది. దీనిని రసభంగమని విమర్శకులు ఏవగించుకున్నారు. నాకు రసభంగం కన్నా పద్దుభంగం ముఖ్యం. షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి వంటి మహాగాయకులకు ఈ పద్ధతిలో రేటు పలికింది, నిజమే. ఆ రేటు వారి వెనుక నిలిచిన నక్షత్రకునికి, అర్జునునికి, హార్మోనిస్టుకు పలకలేదు. అభ్యాసానికి కూలి లేదు, ప్రయాణపు రోజులకు కూలి లేదు, గొంతు పూడుకొన్న నెలకు పూచీ లేదు. రాతపూర్వకంగా ఒక చీటీ అయినా ఉండదు.

ఇప్పుడు టికియాపారాకు వస్తాను. నేను కలకత్తాలో పనిచేసిన రోజులలో రైల్వే క్వార్టర్ల నడుమ వేసిన పందిట్లో హరిశ్చంద్ర చూశాను. నిర్వహించిన సంఘం పేరు ఇక్కడ అనవసరం; అటువంటివే అన్నీ. విజయనగరం వైపు నుంచి ముగ్గురు గాయకులను పిలిపించారు. వారు రాత్రంతా రైలులో కూర్చొని, తెల్లవారి హౌరాలో దిగి, సాయంత్రానికి ముఖాలకు రంగు పూసుకున్నారు. పందిరి కిక్కిరిసింది. తెలుగు చదవడం రాని మూడో తరం పిల్లలు కూడా పద్యం ముగింపులోని ఆలాపనకు తలలూపుతున్నారు. ప్రేక్షకులు లేరన్న వాక్యాన్ని ఏ దస్త్రంలో చూసినా నాకు ఆ తలలు గుర్తుకు వస్తాయి.

మరునాడు ఆ సంఘం వారి లెక్క చూశాను. వృత్తిదోషం, ఎక్కడ కాగితం కనిపించినా చదవకుండా ఉండలేను. పందిరి వానికి ముందుగా ఇచ్చారు. మైకు వానికి ముందుగా ఇచ్చారు. డ్రెస్సు కంపెనీకి అడ్వాన్సు లేనిదే కిరీటం రాదు గనుక అదీ ఇచ్చారు. గాయకుల పేర్లు లెక్కలో అట్టడుగున, ‘వసూలైన దానిలో మిగిలినది’ అనే పద్దు కింద ఉన్నాయి. మిగిలినది చాలలేదు. తక్కినది తరువాత పంపుతామన్నారు. గాయకులు మారు మాట్లాడలేదు. రేపు మళ్లీ పిలవాలి కదా.

అంతకన్నా నన్ను కలతపెట్టినది మరొకటి. ఆ క్వార్టర్లలోనే కార్‌షెడ్డులో పనిచేసే ఒక ఫిట్టరు ఉన్నాడు. కాటి సీను మొత్తం కంఠస్థం, శ్రుతి తప్పని గొంతు, పాతికేళ్ల సాధన. ఆ రాత్రి అతనికి దక్కిన వేషం వీరబాహువు వెంట వచ్చే భటుడు. పోస్టరు మీద బయటి పేరు ఉంటేనే చందాలు వస్తాయని నిర్వాహకుల వాదన. వారిని తప్పు పట్టలేము. చందా మీద నడిచే పనికి చందా న్యాయమే వర్తిస్తుంది. కాని ఫలితం చూడండి. బయటినుంచి వచ్చిన వృత్తిగాయకునికి పూర్తి సొమ్ము అందలేదు, ఊళ్లో ఉన్న గాయకునికి పాత్రే అందలేదు. ఒకరికి వృత్తి ఉండీ జీవనం లేదు, మరొకరికి జీవనం ఉండీ వృత్తి లేదు. ప్రాంతీయ ప్రదర్శన అని మనం గొప్పగా చెప్పుకొనే దాని స్వరూపం ఇది.

ఇదే హౌరా నుంచి వంతెన దాటితే చిత్పూర్. రవీంద్ర సరణిలో వరుసగా జాత్రా కంపెనీల గదులు. రథయాత్రనాడు కొత్త నాటకాల బుకింగులు మొదలవుతాయి. దుర్గాపూజ నాటికి కంపెనీలు ఊళ్లమీద పడి, ఎండాకాలం వరకు తిరుగుతాయి. నటుడు ఒక రాత్రికి కాదు, ఋతువు మొత్తానికి కుదురుతాడు. జాత్రా కూడా క్షీణించింది, నిజమే. టెలివిజను దానినీ దెబ్బ తీసింది, సినిమా తారల పేర్లతో పోస్టర్లు నింపే జబ్బు దానికీ పట్టింది. కాని సినిమా పుట్టిన తరువాత కొన్ని దశాబ్దాలపాటు అది నిలవగలిగినది బెంగాలీల కళాభిమానం తెలుగువారి అభిమానం కన్నా మిన్న అయినందువల్ల కాదు, అక్కడ దానిని ఒక వ్యాపారంగా, నటుని ఒక పనివాడుగా అంగీకరించినందువల్ల. బెంగాలీలను ఆకాశానికి ఎత్తడం లేదు. 1883లో స్టార్ థియేటరు ఏర్పడడానికి కారకురాలైన బినోదినీ దాసి పేరు ఆ రంగశాలకు పెడుతున్నట్లు ప్రకటించినది 2024 డిసెంబరులో. పని చేయించుకొని పేరు మరచే విద్యలో ఎవరికి ఎవరూ తీసిపోరు.

ప్రభుత్వ పథకాలు లేవా అంటే, ఉన్నాయి. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వశాఖ గురుశిష్య పరంపర పేరిట బృందాలకు నెలసరి సహాయం ఇస్తుంది. ఆ సహాయం నమోదైన బృందానికి, అందులో స్థిరంగా ఉన్న కళాకారునికి. కాంట్రాక్టు నాటక గాయకుడు ఏ బృందానికీ చెందడు, అతని బతుకే విడివిడి రాత్రుల మీద. కాబట్టి దరఖాస్తు మొదటి గడిలోనే అతడు బయటపడతాడు. అరవై ఏళ్లు నిండి, పేదరికం రుజువు చేసుకున్న కళాకారునికి నెలకు గరిష్ఠంగా 6,000 రూపాయల వరకు సహాయం ఉన్నది. మంచిదే. కాని గొంతు పలికే ముప్పై అయిదో ఏట అతనికి ఏమున్నది? కంఠం ఉన్నంతకాలం కళాకారుడని సన్మానించి, కంఠం పోయాక నిరుపేద అని గుర్తించడం మన విధాన సారాంశం. నంది నాటకోత్సవాలలో పద్యనాటకానికి ప్రత్యేక విభాగం ఉండడం వల్ల ప్రక్రియకు గౌరవం కలిగింది. బహుమతి అనేది జీతం కాదని మాత్రం గుర్తు చేయక తప్పదు.

భౌగోళికమైన చిక్కు ఒకటి ఉన్నది. 1980లలో స్థాపించిన ప్రాంతీయ సాంస్కృతిక కేంద్రాలు రాష్ట్రాల లెక్కన విభజింపబడ్డాయి, భాషల లెక్కన కాదు. ఆంధ్రప్రదేశ్ తంజావూరు, నాగపూర్ కేంద్రాల కిందికి వస్తుంది. పశ్చిమ బెంగాల్ కోల్‌కతాలోని తూర్పు కేంద్రం కిందికి వస్తుంది. టికియాపారా తెలుగు గాయకుడు తూర్పు కేంద్రానికి దాక్షిణాత్యుడు, తంజావూరుకు ప్రవాసి. కేంద్రాల మధ్య బృందాల మార్పిడి జరుగుతుంది, కాదనను. ఒక ఉత్సవానికి వచ్చి, ఇరవై నిముషాలు ప్రదర్శించి, జ్ఞాపిక పుచ్చుకొని వెళ్లే ఆ ఏర్పాటులో రాత్రంతా నడిచే నాటకానికి చోటెక్కడ?

ఇక 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కాళ్ళకూరి నారాయణరావుగారి చింతామణి నాటక ప్రదర్శనను నిషేధించిన సందర్భం. ఆ నాటకంలోని సుబ్బిశెట్టి పాత్రను కాలక్రమేణా ఎంత దిగజార్చారో ఎరిగినవాడిని. ఆర్యవైశ్యుల అభ్యంతరంలో న్యాయం లేదని అనను. ఆ చర్చ పాత్ర గౌరవం మీద, భావప్రకటన స్వేచ్ఛ మీద నడిచింది. ఆ ఒక్క నాటకం మీదే ఆధారపడి బతుకుతున్న గాయనీగాయకులు తమ కూటి సంగతిని వీధికెక్కి చెప్పుకోవలసి వచ్చింది. ఒక కర్మాగారం మూసే ఉత్తర్వు వస్తే అందులో ఎంతమంది కార్మికులున్నారన్నది మొదటి ప్రశ్న. నాటకం ఆగితే ఆ ప్రశ్న అడగడానికి మన దగ్గర నమోదు పుస్తకమైనా లేదు.

నా సహోద్యోగులు కొందరు, కళను ఉద్యోగం చేస్తే కళ చస్తుందని అంటారు. స్థానం నరసింహారావుగారికి 1956లో పద్మశ్రీ ఇచ్చినప్పుడు ఆయన కళ చావలేదు. జీతాలిచ్చిన మైలవరం రంగం మీద యడవల్లివారి గొంతు సన్నగిల్లలేదు. పైగా ఈ మాట అనేవారందరూ మొదటి తేదీన జీతం పుచ్చుకొని, ఆదివారం కవిత్వం రాసేవారే. ఇంకొందరు, గాయకులే కాగితం వద్దంటారని వాదిస్తారు. వద్దంటారు, నిజమే. కాగితం అడిగినవానిని మళ్లీ పిలవరన్న భయం వారిది. అందుచేతనే ఆ కాగితం గాయకుడు అడగవలసినది కాకుండా, సహాయం పొందే సంఘం చూపవలసినది కావాలి.

ఆ కాగితం ఒక పేజీ మించనక్కరలేదు. పాత్ర, సీను, పారితోషికం, అభ్యాసపు రోజుల భత్యం, రానుపోను రైలుఛార్జీ, సొమ్ము చేతికందే తేదీ. ప్రభుత్వ నిధి ఒక్క రూపాయి పుచ్చుకొనే ప్రతి ప్రదర్శనకూ దీనిని షరతుగా విధించాలి. రాత్రికొక కుదుర్పు మీద బతికే గాయకుని ఆ కాగితాల ఆధారంగానే వృత్తికళాకారుడుగా నమోదు చేసుకొని, బృందం లేకున్నా పథకాలకు అర్హునిగా గుర్తించాలి. తూర్పు, దక్షిణ కేంద్రాలు హౌరా, ఖరగ్‌పూర్ ప్రదర్శనలకు చెరిసగం భరించడానికి కొత్త చట్టం అక్కరలేదు. ఒక ఉత్తరం చాలు. ఆ ప్రదర్శనలలో ఒక ప్రధాన సీనును స్థానిక గాయకుని చేత పాడించాలనీ, అతని పేరు పోస్టరు మీద బయటి గాయకుల పేర్ల సరసనే అంతే అక్షరాలతో అచ్చువేయాలనీ, లెక్కల కాగితంలో గాయకుల పద్దు పందిరి పద్దుకు పైన ఉండాలనీ ఆ ఉత్తరంలోనే రాయవచ్చు.